పేగుల్లోని బ్యాక్టీరియాకూ, మనోస్థితి విపరీతంగా ఊగిసలాడే బైపోలార్ జబ్బుకూ సంబంధం ఉందా?

మేనియా (అతి ఉద్రేకపు దశ) తగ్గి ఇంటికి వెళ్లిన బైపోలార్ రోగులు కొన్ని వారాలకే మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం ఆ కుటుంబాలను కుంగదీసే విషయం. అమెరికాలోని బాల్టిమోర్ పరిశోధకులు మేనియా తగ్గి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన 66 మందిని రెండు జట్లుగా చేశారు. అందరూ మామూలు మందులు వాడుతూనే ఉన్నారు. వాటితోపాటు 33 మందికి లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం అనే మేలుచేసే బ్యాక్టీరియా కలిసిన ప్రోబయోటిక్ మాత్రలు, మిగతా 33 మందికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. 24 వారాల్లో ఉత్త మాత్రల జట్టులో 24 సార్లు ఆసుపత్రి చేరికలు జరిగితే, ప్రోబయోటిక్ జట్టులో జరిగినవి 8. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) సూచికలు ఎక్కువగా ఉన్నవారికే మేలు మరింత కనిపించింది. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

ఇది చిన్న అధ్యయనమే. దీన్ని చూసి లిథియం వంటి మందులు మానేసి పెరుగు గిన్నె పట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

అంతకు ముందే, 2017లో, మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 115 మంది బైపోలార్ రోగుల మలాన్ని పరీక్షించారు. ఆరోగ్యవంతులతో పోలిస్తే వారిలో ఫీకాలిబాక్టీరియం అనే బ్యాక్టీరియా తక్కువగా ఉంది. మనం తిన్న పీచును పులియబెట్టి, వాపును అణచే బ్యూటిరేట్‌ అనే పదార్థాన్ని తయారుచేసే బ్యాక్టీరియాల్లో ఇదొకటి. అది తగ్గడం జబ్బుకు కారణమా, జబ్బూ మందులూ తెచ్చిన ఫలితమా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలే ప్రశ్న కాదు.