మొత్తం ఎవరు కూడారు?

ఎరువుల దుకాణంలో గుమాస్తా కంప్యూటరులో ఒక రైతు ఖాతా తెరిచాడనుకుందాం. తెర మీద ఇలా కనిపిస్తుంది: బిల్లులు 3, మొత్తం 1,000 రూపాయలు, చెల్లించినది 400, బాకీ 600. ఈ మొత్తాలను ఎవరు కూడారు? ఎప్పుడు కూడారు?

పాత రోజుల్లో షావుకారు దగ్గర చిట్టా, ఆవర్జా ఉండేవి. చిట్టాలో ఏ రోజు పద్దులు ఆ రోజు రాసేవారు. ఆవర్జాలో ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క పుట. కంప్యూటరులోనూ ఏర్పాటు దాదాపు అలాంటిదే. ఖాతాదారుల పేర్లు ఒక పట్టికలో, బిల్లులు మరో పట్టికలో, చెల్లింపులు ఇంకో పట్టికలో ఉంటాయి. ప్రతి బిల్లు పక్కనా, ప్రతి చెల్లింపు పక్కనా ఖాతాదారు సంఖ్య ఉంటుంది. ఏది ఎవరిదో చెప్పేది ఆ సంఖ్యే. ఈ పట్టికల పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు.

మొత్తం చూపడానికి రెండు దారులున్నాయి. అడిగినప్పుడల్లా పద్దులన్నీ కూడి చెప్పడం ఒకటి. ఇందులో పాత మొత్తం నిలవ ఉండదు గనుక పొరపాటుకు తావు తక్కువ. కాని పద్దులు లక్షల్లో ఉంటే ఆలస్యం కావచ్చు. రెండోది, మొత్తాన్ని ఖాతాదారు పేరు పక్కనే రాసిపెట్టుకోవడం. ఇది చూడగానే దొరుకుతుంది. అయితే బిల్లు చేరినా, దిద్దినా, కొట్టివేసినా ఆ అంకె మారాలి. ఒకరి బిల్లు పొరపాటున మరొకరి పేర పడి, దాన్ని సరిచేస్తే, ఇద్దరి మొత్తాలూ మారాలి!

1999లో అమెరికాలో మొదలైన సేల్స్‌ఫోర్స్ సంస్థ సాఫ్ట్‌వేరులో ఈ పనికి ప్రత్యేకమైన గడి ఉంది. అది పద్దుల సంఖ్య, మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం చూపుతుంది. సగటు మాత్రం చూపదు. కావాలంటే మొత్తాన్ని సంఖ్యతో మనమే భాగించుకోవాలి. నన్నడిగితే అదే మంచిది. సగటు ఒక్కటే దాచుకుంటే, కొత్త బిల్లు వచ్చినప్పుడు ఎన్నింటితో భాగించాలో ఎలా తెలుస్తుంది?

ఇక అసలు చిక్కు చూడండి. మన రైతు బిల్లులు 400, 250, 350. చెల్లింపులు 300, 100. బిల్లుల పట్టికనూ చెల్లింపుల పట్టికనూ ఖాతాదారు సంఖ్యతో కలిపేసి, ఆ తరువాత కూడమన్నామనుకోండి. కంప్యూటరు ప్రతి బిల్లునూ ప్రతి చెల్లింపుతో జతకడుతుంది. 3 × 2 = 6 వరుసలు వస్తాయి. ప్రతి బిల్లూ రెండుసార్లు, ప్రతి చెల్లింపూ మూడుసార్లు లెక్కకు వస్తాయి. బిల్లులు 2,000, చెల్లింపులు 1,200, బాకీ 800! పాపం, ఆ రైతు నెత్తిన 200 రూపాయలు ఊరికే పడ్డాయి. కూడికలో తప్పేమీ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దీనికి విరుగుడు సులువే. ముందు బిల్లులు విడిగా కూడాలి, చెల్లింపులు విడిగా కూడాలి. ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క మొత్తం మిగిలాకనే వాటిని పక్కపక్కన చేర్చాలి.

నాలుగు బిల్లులు, ఒకే చెల్లింపు ఉంటే ఏ అంకె చెడుతుందో, ఏది చెడదో మీరే నోటుపుస్తకంలో వేసి చూడండి. ఒక్క పైసా చెల్లించని ఖాతాదారు సంగతి మరీ విచిత్రం. జతకట్టడానికి అతని పేర చెల్లింపే లేదు గదా! రెండు వైపులా ఉన్నవాటినే కలపమని అడిగి ఉంటే, అందరికంటె మొండి బాకీదారు పేరే తెర మీద కనిపించదు.