దరువు ఒకటే, లోపలి లెక్కలు వేరు: నాడీకణాలకు గణిత నమూనాలు

నాడీకణంలోకి సన్నని ఎలక్ట్రోడును గుచ్చి, కొద్దిపాటి విద్యుత్తును ఆపకుండా పంపితే అది స్పందించే తీరు కణాన్ని బట్టి మారుతుంది. ఒకటి గడియారంలా సమాన విరామాలతో స్పందిస్తుంది. ఇంకొకటి మొదట గబగబా స్పందించి పోనుపోను నెమ్మదిస్తుంది. మరొకటి నాలుగైదు స్పందనలను గుత్తిగా వదిలి, కాసేపు మౌనం పాటించి, మళ్లీ మొదలుపెడుతుంది. ఇందులో ప్రతి స్పందనా సుమారు సెకనులో వెయ్యో వంతు ఉండే విద్యుత్ మెరుపు. దాన్నే స్పైక్ అంటారు. లోపలికి వెళ్లిన విద్యుత్తు ఒకేలా ఉన్నప్పుడు ఇన్ని దరువులు ఎలా పుడుతున్నాయి?

దీనికి గట్టి పునాది 1952లో పడింది. బ్రిటన్ శాస్త్రవేత్తలు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవిని ఎంచుకున్నారు. దాని నాడీతంతువు దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంటుంది కాబట్టి లోపలికి తీగను దూర్చవచ్చు. వారు పొర మీది వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచి, ఏ వోల్టేజి దగ్గర సోడియం అయాన్లు ఎంత ప్రవహిస్తాయో, పొటాషియం అయాన్లు ఎంత ప్రవహిస్తాయో విడివిడిగా తేల్చారు. వోల్టేజి కాస్త పెరిగితే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి రావడంతో వోల్టేజి ఇంకా పెరిగి, మరిన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. కొద్దిసేపటికి అవి మూతపడతాయి. ఆలస్యంగా తెరుచుకున్న పొటాషియం ద్వారాలు వోల్టేజిని కిందికి దించుతాయి. ఈ కథంతా నాలుగు అవకలన సమీకరణాల్లో ఇమిడింది.

వాటిని సాధించే సమయానికి కేంబ్రిడ్జ్ కంప్యూటరు మార్పుల కోసం కొన్ని నెలలపాటు ఆగిపోయింది. హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రంతోనే పని కానిచ్చారు. తంతువు వెంట స్పైక్ సెకనుకు 18.8 మీటర్ల వేగంతో సాగాలని లెక్క తేలింది. ప్రయోగంలో కొలిచిన వేగం 21.2 మీటర్లు. ఈ దగ్గరితనం ఊరికే రాలేదు, అలాగని వేగాన్ని ముందే చూసి అంకెలను సర్దడం వల్లా రాలేదు. ఈ నమూనా అసలు బలం అదే. 1963లో వీరిద్దరికీ, జాన్ ఎక్లెస్‌కూ కలిపి నోబెల్ బహుమతి దక్కింది.

గుత్తులుగా స్పందించే కణాలకు మాత్రం ఇంకా నెమ్మదైన బ్రేకు ఒకటి కావాలి. అలాంటి కొన్ని కణాల్లో ప్రతి స్పైక్‌తోనూ కొంత కాల్షియం లోపలికి చేరి, మరో రకం పొటాషియం ద్వారాలను తెరుస్తుంది. బ్రేకు కొంచెం కొంచెంగా బిగిసి కణం మౌనం వహిస్తుంది. కాల్షియం తగ్గాక మళ్లీ స్పైకులు మొదలవుతాయి.

2003లో యూజీన్ ఇజికెవిచ్ ఈ వేగం, నెమ్మది ఆటను రెండే సమీకరణాలకు, నాలుగు అంకెలకు కుదించారు. వాటిలో ఒకటి స్పైక్ ముగిశాక వోల్టేజి ఎక్కడికి దిగాలో చెబుతుంది, ఇంకొకటి బ్రేకు ఎంత బిగియాలో చెబుతుంది. ఈ రెండూ మైనస్ 65, 8 అయితే కణం క్రమంగా నెమ్మదిస్తూ స్పందిస్తుంది. మిగతా రెండు అంకెలను ముట్టుకోకుండా వీటిని మైనస్ 50, 2గా మారిస్తే స్పైకులు గుత్తులుగా వస్తాయి. పది, పదిహేను వరుసల ప్రోగ్రాంతో ఇంట్లో కంప్యూటరు మీదే దీన్ని చూడవచ్చు. వేల కణాలను ఒకేసారి నడపడానికి ఇది ఎంతో సౌకర్యం.

కానీ ఈ నాలుగు అంకెలను ఎవరూ కణంలో కొలవలేదు. దరువుకు సరిపోయేలా ఎంచుకున్నారు, అంతే. దరువు సరిపోయినంత మాత్రాన లోపలి యంత్రం తెలిసిపోయినట్టేనా?

అమెరికాలో ఈవ్ మార్డర్ బృందం 2004లో ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించింది. పీతలు, లాబ్‌స్టర్ల పొట్ట కండరాలను లయగా ఆడించే చిన్న నాడీవలయానికి కంప్యూటరులో 2 కోట్లకు పైగా నమూనాలు తయారుచేసింది. ద్వారాల బలం, కణాల మధ్య సంబంధాల బలం ఒక్కోదానిలో ఒక్కో రకం. వాటిలో 4.5 లక్షలకు పైగా నమూనాలు నిజమైన జీవి లయకు దగ్గరగా ఆడాయి, వాటి లోపలి అంకెల్లో మాత్రం పెద్ద తేడాలున్నాయి.

మందుల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ మూతపడిన సోడియం ద్వారాలను పట్టి ఉంచి, మరీ వేగంగా సాగే స్పైకులను అణచివేస్తాయి. ఒకే దరువు వేసే రెండు నమూనాల్లో సోడియాన్ని ఒకే మేర తగ్గించినా, ఒకటి ఆగిపోయి ఇంకొకటి కొనసాగవచ్చు. దరువును మాత్రమే చూసినవారికి ఈ తేడా ముందుగా అందదు.

బతికున్న కణాల్లోనూ ఇలాంటిదే కనిపించింది. పీతల నాడీవలయాన్ని ప్రయోగశాలలో మెల్లగా వేడిచేస్తూ పోతే, చాలా దూరం వరకు అన్నిటి లయా వేగం పెంచుకుంటూ చెక్కుచెదరకుండా సాగింది. సుమారు 23 డిగ్రీలు దాటాక లయ చెదిరింది, అదీ ఒక్కో పీతలో ఒక్కో విధంగా.