నవ్వు: మనసుకు పథ్యము

జహీరాబాదు ప్రాంతంలోని మా మొగుడంపల్లిలో నేను నాడి చూడడం మొదలుపెట్టి నలభై ఏళ్లు కావస్తున్నది. గురుకులంలో మా గురువుగారు రోగిని ప్రశ్నించే క్రమం నేర్పుతూ ఆకలి, నిద్ర, మలమూత్రాల తరువాత ఇంకొక ప్రశ్న వేయమనేవారు: “ఈ మధ్య మనసారా నవ్వినది ఎప్పుడు?” ఆనాడు దానిని వేళాకోళమనుకున్నాను. దాని విలువా, దాని హద్దూ తరువాత ఒక రోగి వల్ల తెలిసివచ్చినవి.

శాస్త్రము చెప్పినది

దోషాలు, అగ్ని, ధాతువులు సమంగా ఉండడమే ఆరోగ్యమని సుశ్రుతాచార్యుడు సరిపెట్టలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండాలన్నాడు. చరకుడు రోగాన్ని పెంచేవాటిలో విషాదాన్ని, శరీరాన్ని శోషింపజేసేవాటిలో శోకాన్ని, తృప్తినిచ్చేవాటిలో హర్షాన్ని ముఖ్యమైనవిగా ఎన్నాడు.

నవ్వినప్పుడు ఊపిరి దీర్ఘంగా వెలుపలికి పోతుంది, పొట్టకండరాలు కదులుతాయి, ఆపైన ఒళ్లు వదులవుతుంది. 2012లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ డన్‌బార్ బృందం, నలుగురితో కలిసి నవ్వినవారు ఆ తరువాత నొప్పిని మరింత ఓర్చుకోగలిగారని ప్రకటించింది. వెన్ను, కీళ్ల వ్యాధితో మంచాన పడిన అమెరికా సంపాదకుడు నార్మన్ కజిన్స్, పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టేదని 1976లో ఒక వైద్యపత్రికలో రాశారు. అయితే అది ఒక్కరి అనుభవమేనని మరువరాదు. 1995 మార్చి 13న ముంబయి ఉద్యానవనంలో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో ఆరంభించిన నవ్వుల సంఘం నేడు అనేక దేశాలకు విస్తరించినది.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రాముని కష్టాల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారు. బుర్రకథలో హాస్యానికే ఒక వంత ఉంటాడు. దుఃఖకథను చివరిదాకా వినడానికి మనసుకు మధ్యలో విశ్రాంతి కావాలని వారు ఎరుగుదురు.

అతి పనికిరాదు

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును చిరునవ్వు మొదలు వికటాట్టహాసం వరకు ఆరు విధాలుగా విభజించి, మొదటి రెంటిని ఉత్తములకిచ్చాడు. బిగ్గరగా నవ్వడం వల్ల వాతం ప్రకోపించి మూతి వంకరపోయే అర్దితరోగానికి కారణం కావచ్చునని సుశ్రుతుడు హెచ్చరించాడు. సమయం, సందర్భం లేని నవ్వును చరకుడు వాతోన్మాద లక్షణాలలో చేర్చాడు. ఎదుటివారిని చిన్నబుచ్చే నవ్వు ఔషధం కాదు, విషము.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ల క్రిందట, దుంపకుళ్లు తెగులుతో అల్లం పంట పోయిన ఒక రైతు భార్య నా వద్దకు వచ్చింది. నెలల తరబడి నిద్ర లేదు, అన్నం సయించదు. అశ్వగంధ చూర్ణం ఇచ్చి, “నవ్వుతూ ఉండు తల్లీ, అన్నీ సర్దుకుంటాయి” అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, “నవ్వే వస్తుంటే నీ దగ్గరికి ఎందుకొస్త అయ్యా?” అన్నది.

సిగ్గుపడ్డాను. కూర్చోబెట్టి నిదానంగా అడిగితే, బ్రతకాలని లేదన్న మాట బయటపడినది. ఆ రోజే ఆమె అన్నను పిలిపించి, ఆమెను ఒంటరిగా విడువవద్దని చెప్పి, మానసిక వైద్యుని వద్దకు పంపాను. ఆయన ఇచ్చిన మందులు క్రమం తప్పక వాడింది. సాయంత్రాలు తోడికోడళ్లు వచ్చి, సలహాలు చెప్పక, పక్కన కూర్చొని పప్పు ఏరుకునేవారు. బతుకమ్మ పండుగనాడు ఎవరో ఆడిన పరిహాసానికి ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినదట. ఆ నవ్వు చికిత్స కాదు, చికిత్స ఫలించినదనడానికి గుర్తు. దుఃఖంలో ఉన్నవారికి నవ్వమని ఆజ్ఞాపించరాదు. నవ్వు రాగల తోడునివ్వాలి.

ఇంట ఆచరించదగినవి

రాత్రి భోజనం టీవీ ఆపి అందరూ కలిసి చేయండి. భోజనానంతరం పెద్దల చిన్ననాటి అల్లరిని పిల్లలకు చెప్పించండి. ముద్ద నోట ఉండగా నవ్వించవద్దు, పొలమారుతుంది. నిద్రకు ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించడం మనసుకు హాయినిస్తుంది. గిలక ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, రక్తపోటు అదుపులో లేనివారు బిగ్గర నవ్వుల సాధన చేయరాదు.

రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే వైద్యుని చూడండి. చావు మాట వినబడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఈ రాత్రి మీ ఇంటిలో మా గురువుగారి ప్రశ్న వేసి చూడండి. ఎవరైనా జవాబు చెప్పలేక తల దించుకుంటే, వారి పక్కన కాసేపు కూర్చోండి.