గోడే పిల్లరైన చోట

మన ఊళ్ళో అపార్ట్‌మెంటు కడుతుంటే చూసే ఉంటారు. ముందు పిల్లర్లు, బీములు, శ్లాబులు లేస్తాయి, ఇటుక గోడలు ఆ తర్వాత వస్తాయి. బరువు మోసేది పిల్లర్లు. గోడ ముఖ్యంగా గదుల్ని విడదీస్తుంది. అందుకే గోడంటే మనకి కాస్త చులకన. ఆ అలవాటుతో అమెరికాలో కాంక్రీటు బ్లాకులతో కట్టిన దుకాణాన్నో, బడినో చూస్తే పొరబడతాం. అక్కడ చాలాసార్లు గోడే పిల్లరు!

ఈ బ్లాకుల లోపల బోలు అరలుంటాయి. వరసలు పేర్చుకుంటూ పోతే అవి కలిసి నిలువు గొట్టాలవుతాయి. వాటిలో పునాది నుంచి ఉక్కు ఊచలు నిలబెట్టి, గ్రౌట్ అనే జారు కాంక్రీటు పోస్తారు. కొన్ని వరసల్లో అడ్డంగా కూడా ఊచలు వేస్తారు. బ్లాకులు నొక్కుడుని బాగా తట్టుకుంటాయి కానీ లాగితే పగులుతాయి. ఆ లాగుడుని ఉక్కు మోస్తుందన్నమాట.

ఇంతకీ ఈ గోడ చేసే పనులు మూడు. ఒకటి, కప్పు, అంతస్తుల బరువుని పునాదికి దించడం. రెండు, గాలో భూకంపమో భవనాన్ని తోసినప్పుడు, ఆ దిశలోనే ఉన్న గోడ ఆ తోపుని నేలకి చేర్చడం. షియర్ వాల్ అంటే ఇదే. మూడు, గోడ మొహానికే తోపు తగిలితే కూలకుండా నిలబడడం. దీనికి కప్పుతో గట్టి బంధం కావాలి. అది లేకపోతే గోడ బయటికి పడుతుంది, కప్పుకి ఆసరా పోతుంది.

ఉక్కు లేకపోతే ఏమవుతుందో 1933 మార్చి 10న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చూసింది. ఊచలు లేని ఇటుక గోడల బడులు ఎన్నో కూలాయి. భూకంపం సాయంత్రం 5:54కి వచ్చింది కాబట్టి పిల్లలు తరగతుల్లో లేరు. సరిగ్గా నెలకి, ఏప్రిల్ 10న, బడుల నిర్మాణాన్ని కట్టుదిట్టం చేసే ఫీల్డ్ చట్టం వచ్చింది.

ఆ మధ్య ఒక క్లయింటు దగ్గర కేబుల్ కోసం ఇలాంటి గోడకి రెండంగుళాల కన్నం కావాల్సొచ్చింది. ఇంజనీరు గోడని స్కాన్ చేయించి, ఊచలు లేని చోట గుర్తు పెట్టాకే డ్రిల్ పట్టనిచ్చాడు. ఇంత హంగామా ఎందుకని అడిగాను. "ఊచ తెగితే గోడ ఇవాళ పడదు. తెలిసేది భూకంపం రోజునే" అన్నాడు. ఎవరూ వాడట్లేదనుకుని తీసేసిన కోడు, ఏడాదికోసారి నడిచే ప్రోగ్రాములో బయటపడ్డట్టే కదా!

రెస్టారెంటుకో ఆఫీసుకో పాత భవనం తీసుకుని, గోడ కొట్టించి తలుపు పెట్టిద్దామనుకునే మిత్రులకి ఒక్క మాట. ముందు పాత డ్రాయింగులు తీయించండి, స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి, పర్మిట్ తీసుకోండి. సుత్తి ఆ తర్వాతే.