తెరచాప పడవలో ల్యాప్‌టాప్: కోర్లు కాదు, వాట్లు చూడండి

మా తాడేపల్లిలో కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటుంది. మరి నడిసముద్రంలో?

నౌకాదళం పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి గుర్తుందా? విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య సహా ఆరుగురు మహిళా అధికారులు 2017-18లో 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టొచ్చారు. అలాంటి ప్రయాణంలో ప్రతి వాటుకీ లెక్క ఉండాల్సిందే.

12 వోల్టులు, 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే 1200 వాట్-అవర్లు. బ్యాటరీ మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 600. గంటకు 100 వాట్-అవర్లు లాగే గేమింగ్ ల్యాప్‌టాప్ దాన్ని 6 గంటల్లో ఊడ్చేస్తుంది. 12 మాత్రమే లాగే సన్నటి మోడల్ 50 గంటలు నడుస్తుంది. పైగా లైట్లు, రేడియో, జీపీఎస్ కూడా ఆ బ్యాటరీ మీదే బతకాలి.

అందుకే నేనైతే ఇవి చూస్తా:

- యూఎస్‌బీ-సీ ఛార్జింగ్: 12 వోల్టుల కార్ ఛార్జర్ చాలు, ఇన్వర్టర్‌లో కరెంటు వృథా కాదు.
- ఎస్‌ఎస్‌డీ: అలల కుదుపులు హార్డ్‌డిస్క్‌కి పడవు.
- ఫ్యాన్ లేని మోడల్: ఉప్పుగాలిని లోపలికి లాగదు.
- మ్యాట్ స్క్రీన్: ఎండలో మెరుపు తక్కువ.

దారి చూసుకోవడానికి ఓపెన్‌సీపీఎన్ ఉచితం. చార్టులు ఒడ్డునే డౌన్‌లోడ్ చేసుకోండి. కీబోర్డులోకి ఒక్క అల దూరితే ల్యాప్‌టాప్ పని అయిపోయినట్టే. కాబట్టి అవే చార్టులు ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉండాలి.