పాలు ఆగిన చెట్టు – పెరటిలో రంపపు మిల్లు

మలేషియాలోని తెలుగు కుటుంబాలలో రబ్బరు చెట్టుతో బంధుత్వం లేని ఇల్లు అరుదు. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చిన మొదటి తరం వారిలో అనేకులు ఈ చెట్ల నడుమనే బ్రతుకు వెళ్లదీశారు. తెల్లవారకముందే లేచి, బెరడుపై ఏటవాలుగా గాటు పెట్టి, కారిన పాలను గిన్నెలలో పట్టి తమ బిడ్డలను చదివించారు. అయితే పాలు ఆగిన తరువాత ఆ చెట్టు గతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారు మనలో తక్కువ.

1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి తెచ్చిన విత్తనాలు లండన్ సమీపంలోని క్యూ ఉద్యానవనంలో మొలకెత్తాయి. 1877లో 22 మొక్కలు సింగపూరు చేరగా, వాటిలో తొమ్మిదింటిని పేరాక్ లోని క్వాలా కంగ్సార్ లో నాటారు. తోటలో పెరిగే చెట్టును సుమారు 25 నుంచి 30 సంవత్సరాల వయస్సులో నరికివేయడం ఆనవాయితీ. ఆ మ్రానులు చిరకాలం పొయ్యిలోకి, ఇటుక బట్టీలలోకి, బొగ్గు తయారీకి పోయేవి. తోటలు పామాయిల్ సాగుకు మారినప్పుడు చెట్లూ కూలాయి, లైను ఇళ్లూ ఖాళీ అయ్యాయి. కెపోంగ్ లో 1929లో నెలకొన్న అటవీ పరిశోధన సంస్థ వంటి చోట్ల జరిగిన కృషి ఫలితంగా ఇదే కలప నేడు మేజాలకు, కుర్చీలకు ముడిసరుకు అయినది. జొహోర్ రాష్ట్రంలోని మువార్ ఈ పరిశ్రమకు పేరుపొందిన పట్టణం.

చేతిపని తెలిసినవారికి ఉద్యోగ విరమణ తరువాత ఈ కలప ఒక చక్కని వ్యాసంగం కాగలదు. మలేషియాలో ప్రైవేటు ఉద్యోగులకు 60 సంవత్సరాల కనీస విరమణ వయస్సు 2013లో అమలులోకి వచ్చింది. జీవితమంతా ఫిట్టరుగానో, వెల్డరుగానో, ఎలక్ట్రీషియనుగానో పనిచేసిన వ్యక్తికి ఆ వయస్సులో చేతులలో నేర్పు తగ్గదు. తగ్గేది పని మాత్రమే. అటువంటివారు స్వయంగా నిర్మించుకోగల యంత్రమే బ్యాండ్ సా మిల్లు.

పూర్వం మన గ్రామాలలో దుంగను ఎత్తుగా నిలిపి, ఒకరు పైన, మరొకరు క్రింద నిలిచి పొడవాటి రంపంతో కోసేవారు. రంపం వెనక్కీ ముందుకూ పోవడంలో సగం శ్రమ వృథా అయ్యేది. రెండు చక్రాలపై అంతులేకుండా తిరిగే ఉక్కు పట్టీకి పళ్లుంటే ఆ వృథా ఉండదు. ఈ ఆలోచనకు 1808లో ఇంగ్లండులో విలియం న్యూబెరీ పేటెంటు పొందాడు. కాని పట్టీ అతుకు దగ్గర తెగిపోతుండడంతో యంత్రం ఆచరణకు రాలేదు. 1846లో ఫ్రాన్సు దేశస్థురాలు ఆన్ పోలిన్ క్రెపాన్ అతుకు వేసే పద్ధతికి పేటెంటు పొందడంతో ఆ చిక్కు విడనారంభించింది.

బ్యాండ్ సా గొప్పతనం రంపపు పొట్టులో కనిపిస్తుంది. 300 మిల్లీమీటర్ల మందం గల దిమ్మ నుంచి 25 మిల్లీమీటర్ల పలకలు కోయాలనుకుందాం. గుండ్రని రంపం ప్రతి కోతకూ 6 మిల్లీమీటర్లు పొట్టు చేస్తే తొమ్మిది పలకలు వస్తాయి. సన్నని పట్టీ రంపం 2 మిల్లీమీటర్లే తింటుంది కనుక పదకొండు వస్తాయి. రబ్బరు దుంగలు సన్నవి, పొట్టివి. అందువల్ల ఈ రెండు పలకల తేడా చిన్నది కాదు.

నిర్మాణం క్లిష్టం కాదు. నేలపై సమతలంగా పరచిన ఇనుప పట్టాల మధ్య దుంగ కదలకుండా బిగించబడి ఉంటుంది. రెండు చక్రాలు, మోటారు గల చట్రం ఆ పట్టాలపై ముందుకు జరుగుతూ పలకను కోస్తుంది. మలేషియా విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కావడంచేత సాధారణ నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి సుమారు 1440 సార్లు తిరుగుతుంది. మోటారుకు 125, చక్రానికి 200 మిల్లీమీటర్ల కప్పీలు అమర్చితే చక్రం 900 చుట్లు తిరుగుతుంది. చక్రం వ్యాసం 500 మిల్లీమీటర్లయితే పట్టీ సెకనుకు సుమారు 23.5 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. కలప కోతకు ఇది తగిన వేగం.

ఇంత వేగంలో పట్టీ జారిపోకుండా ఎలా నిలుస్తుంది? చక్రపు అంచు మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. పట్టీ ప్రక్కకు జరిగితే ఉబ్బు వైపు అంచు ఎక్కువ బిగుసుకుని పట్టీని స్వల్పంగా వంచుతుంది. దానితో వెనుక వచ్చే భాగం ఉబ్బుకు దగ్గరగా ఎక్కి, పట్టీ తిరిగి మధ్యకు చేరుతుంది. కొందరు పాత కారు చక్రాలను టైర్లతో సహా వాడటంలోని రహస్యం ఇదే.

పట్టీ తెగడానికి కారణం కూడా చక్రంలోనే ఉన్నది. 4 మీటర్ల పట్టీలోని ప్రతి బిందువూ సెకనుకు దాదాపు పన్నెండుసార్లు, అంటే గంటకు నలభై వేలకు పైగా వంగి, సాగుతుంది. ఒకే చోట మాటిమాటికీ వంచిన తీగ తెగినట్లే ఉక్కూ అలసిపోతుంది. చక్రం ఎంత చిన్నదైతే వంపు అంత తీవ్రం. కనుక చక్రాలు పెద్దవిగా, పట్టీ పలుచగా ఉండాలి. పని ముగిశాక బిగింపు సడలించాలి. పట్టీ చుట్టూ దృఢమైన రేకు తొడుగు లేనిదే మోటారు మీట నొక్కరాదు. తెగిన పట్టీ కొరడావలె ఎగిరి రాగలదు.

రబ్బరు దుంగలో మరొక ముప్పు దాగి ఉంటుంది. పాలగిన్నెను నిలిపిన ఇనుప తీగ, బెరడులోకి దిగగొట్టిన చిన్న రేకు కాలక్రమాన కలపలో కలిసిపోవచ్చు. లోహాన్ని గుర్తించే పరికరంతో ముందుగా పరీక్షించకపోతే తాతగారు కట్టిన తీగ మనుమడి రంపపు పళ్లను విరుగగొడుతుంది. కలపలోని జిగట పట్టీకి అంటుకోకుండా సబ్బునీటి చుక్కలు పడుతూ ఉండాలి. కలప ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ధారించింది కాబట్టి ముక్కుకు తగిన మాస్కు తప్పనిసరి.

కోతతో పని పూర్తికాదు. అసలు పరుగుపందెం అప్పుడే మొదలవుతుంది. రబ్బరు కలపలో పిండిపదార్థం అధికం. నరికిన కొద్ది రోజులలోనే బూజు సోకి కలప నీలివర్ణానికి తిరుగుతుంది. తరువాత పురుగు దానిని లోపలినుంచి పిండి చేస్తుంది. అందుచేత ఆలస్యం లేకుండా కోసి, పచ్చి పలకలను బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచి, ఆరిపోకుండా కప్పి ఉంచితే మందు లోనికి ఇంకుతుంది. పిదప పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి నీడలో గాలికి ఆరబెట్టాలి. వానలో ఈ మందు కరిగిపోతుంది. కావున ఈ కలప ఇంటిలోపలి సామానుకే తగును.

చివరిగా ఒక హెచ్చరిక. మలేషియాలో అడవులు, కలప వ్యవహారాలు రాష్ట్రాల అధికార పరిధిలోనివి. రంపపు మిల్లుకు అనుమతి అవసరం. ఇంటి అవసరానికే అయినా రాష్ట్ర అటవీశాఖ కార్యాలయంలో ముందుగా విచారించడం వివేకం. దుంగ ఎక్కడినుంచి వచ్చినదో తెలిపే కాగితం కూడా దగ్గర ఉంచుకోవాలి.

ఏళ్ల తరబడి పాలిచ్చిన చెట్టు పొయ్యిలో బూడిద కావడమా, లేక ఆ పాలు పట్టిన కుటుంబంలోని పసివాడు చదువుకునే బల్ల కావడమా అన్నది కోసిన తరువాతి ఆ కొద్ది రోజులలో తేలుతుంది. తాత ప్రక్కన నిలిచి పలకలు లెక్కించే మనుమడు భౌతికశాస్త్రంతోపాటు తన ఇంటి చరిత్రను కూడా నేర్చుకుంటాడు.