ఒకే వెల – ఎందరి ఆకలి!

మా తమ్ముడు అమెరికాలో చదువుకునే రోజుల్లో ఫోను చేసినప్పుడల్లా "ఏం తిన్నావురా?" అని అడిగేదాన్ని. మిగతా రోజుల్లో నసిగేవాడు గాని, శుక్రవారం నాడు మాత్రం వాడి గొంతులో హుషారు వినిపించేది. "బఫేకి వెళ్ళొచ్చానక్కయ్యా!" అనేవాడు.

నిరుడు వేసవి సెలవుల్లో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఆ హోటలు చూపిస్తానని మూడు గంటలు కారు నడిపి మరీ తీసుకుపోయాడు. తీరా వెళితే తలుపుకు తాళం! అద్దె కిస్తామని అద్దం మీద కాగితం. వాడు అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తూ, "అదిగో, ఆ మూలే పప్పు పెట్టేవాళ్ళు" అన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి పప్పు కోసం కళ్ళు చెమర్చుకోవడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

బఫే మనకు కొత్త కాదు. మన పెళ్ళిళ్ళలో బంతి భోజనాలను సాగనంపి, చేతిలో పళ్ళెంతో అతిథులను వరసలో నిలబెట్టిన ఘనత దానిదే. ఐతే అమెరికాలో బఫే అంటే ఒక తరహా హోటలు. ఒకే వెల చెల్లించాలి. ఎన్నిసార్లు వడ్డించుకున్నా అడిగేవారుండరు.

ఈ అలవాటుకు మూలం స్వీడన్ దేశపు విందు బల్ల. 1939లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వారి భోజనశాల దాన్ని అమెరికన్లకు బాగా పరిచయం చేసింది. 1940లలో లాస్ వేగస్ నగరంలోని ఎల్ రాంచో అనే జూదగృహం వారు రాత్రంతా తినడానికి ఒక డాలరు బఫే పెట్టారు. భోజనం మీద లాభానికి కాదు. ఆకలేసి జూదరి బయటికి పోకుండా! తరువాత ఊరూరా కుటుంబాలు వెళ్ళే బఫేలు వెలిశాయి. తాతకు మెత్తని ఆలుగడ్డ, మనుమడికి ఐస్‌క్రీము, తల్లికి ఒకపూట పొయ్యి నుంచి సెలవు – అన్నీ ఒకే కప్పు కింద.

"అలా తింటే యజమాని మునిగిపోడట్రా?" అని అడిగాను.

తమ్ముడు నవ్వాడు. ఆ హోటలు యజమాని నెల్లూరు వైపు ఆయన. వీళ్ళు అయిదుగురు కుర్రాళ్ళు ఉదయం ఏమీ తినకుండా వెళ్ళి మూడింటిదాకా లేచేవాళ్ళు కాదట. ఒకనాడు ఆయన పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలి దొరసానిని చూపించి, "ఆవిడకు దణ్ణం పెట్టండయ్యా! రెండు ముద్దలు తిని మీ అంతే డబ్బిస్తుంది. ఆవిడ వదిలేసిందే మీరు తింటున్నారు" అన్నాడట.

బఫే శాస్త్రమంతా ఆ మాటలో ఉంది. కొద్దిగా తినేవారు, దండిగా తినేవారి ఆకలిని పంచుకుంటారు. చవకైన అన్నం, రొట్టె, ఆలుగడ్డ ముందుంటాయి. ఖరీదైన మాంసం చివరుంటుంది. వడ్డించేవారు తక్కువ గనుక జీతాల ఖర్చు తగ్గుతుంది. కాని జనం నిండుగా ఉండాలి. జనం ఉంటే గిన్నెలు ఖాళీ అవుతాయి, వేడివేడిగా కొత్తవి వస్తాయి. జనం పలచబడితే వండింది ఆరిపోతుంది, చెత్తబుట్ట పాలవుతుంది. ఆరిన కూర చూసి మరి నలుగురు రావడం మానుకుంటారు.

ఆ పతనం ఒక్కనాటిది కాదు. 1983లో మిన్నెసోటాలో మొదలై 'ఓల్డ్ కంట్రీ బఫే' హోటళ్ళు నడిపిన సంస్థ 2008, 2012, 2016 సంవత్సరాల్లో మూడుసార్లు దివాలా కోర్టుకెక్కింది. 2020లో కరోనా వచ్చింది. ఒకే గరిటెను పదిమంది పట్టుకునే పద్ధతి ఆపమని ప్రభుత్వ ఆహార శాఖ సలహా ఇచ్చింది. తక్కిన హోటళ్ళు పొట్లాలు కట్టి అమ్ముకుని బతికాయి. కావలసినంత తినమనే హోటలు పొట్లం ఎలా కడుతుంది? 1978లో శాన్ డియాగోలో పుట్టిన 'సూప్‌ప్లాంటేషన్' ఆ మే నెలలోనే తన 97 హోటళ్ళనూ మూసివేసింది. లాస్ వేగస్‌లోనూ అనేక బఫేలు మళ్ళీ తెరుచుకోలేదు. పైగా 2022లో ఇంటి వంటకు కొనే సరుకుల ధరలే సుమారు 11 శాతం పెరిగాయి. ఆ భారమంతా వెలకు కలిపితే జనం రారు, కలపకపోతే గిట్టదు. బఫేలు పూర్తిగా అంతరించలేదు గాని, మా తమ్ముడి హోటలు వంటి చిన్నవాటికి నిలదొక్కుకోవడం కష్టమైపోయింది.

పోతే పోయింది, ఆ తిండిపోతు అలవాటు మంచిదా అనవచ్చు. వృథా అయ్యే మాట నిజమే. ఒంటికి మంచిదనీ నేను అనను. కాని ఒంటరి ముసలమ్మ గంటసేపు కూర్చున్నా బిల్లు తెచ్చి తొందరపెట్టని చోటు, నెలాఖరున విద్యార్థి కడుపు నిండిన చోటు అది. మధ్యాహ్నం పూట వాళ్ళిద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని తినే చోటు ఇంకొకటి ఏదీ?

మన ఊళ్ళలో భోజన హోటళ్ళ లెక్క కూడా ఇదే కదా! "ఇంకాస్త అన్నం వెయ్యమంటారా?" అని మారు అడిగే ఫుల్ మీల్స్ సన్నగా తినే గుమాస్తా పుణ్యాన, బండచాకిరీ చేసి వచ్చిన కూలివాడికి దక్కేది. ఇప్పుడు చాలాచోట్ల కొలిచి పెట్టే ప్లేటు మీల్స్ వచ్చాయి. రెండోసారి అన్నం అడిగితే దాని ధర వేరు. ఎవరు తిన్నదానికి వారే చెల్లించడం న్యాయమే. ఐనా ఆ న్యాయంలో కొసరు లేదు.

తిరుగుదారిలో తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ దొరసాని ఇప్పుడెక్కడ తింటోందో అక్కయ్యా" అన్నాడు.

ఇంటికి చేరాక నేను పప్పు వండాను. కాస్త ఎక్కువే వండాను.